మందలింపు మందు కాదు

"మనసు గట్టిగా ఉంటే పొగ మానడం ఎంతసేపు?" అంటుంటారు. ప్రభుత్వ వైద్యుడిగా ఉన్నంత కాలం నేనూ రోగులకు ఆ మాటే చెప్పాను. అది సగమే నిజం. ఆ సగం నిజం చేతిలో పెట్టి ఎందరినో ఇంటికి పంపించాను.

శస్త్రచికిత్స వార్డులో పనిచేసే రోజుల్లో, నలభై ఏళ్లయినా నిండని ఒక రిక్షా కార్మికుడు బర్జర్ వ్యాధితో చేరాడు. ఈ వ్యాధిలో కాళ్లకూ చేతులకూ రక్తాన్ని అందించే చిన్న ధమనులు వాచి, వాటిలో రక్తం గడ్డకట్టి, వేళ్లు నల్లబడి కుళ్లిపోతాయి. పొగాకు వాడనివారికి ఇది దాదాపు రాదు. పూర్తిగా మానితే చాలామందికి కాలు దక్కుతుంది. రోజుకు ఒకటి రెండు బీడీలు కాల్చినా వ్యాధి ముదురుతూనే ఉంటుంది. అతనికి బొటనవేలు తీసివేశాం. కట్టు మార్చిన గంటకే వార్డు వెనుక గోడవార బీడీతో కనిపించాడు. అందరి ముందూ కోప్పడ్డాను.

"కాలు పోద్దని తెలుసు బాబూ. చెయ్యి ఆగటం లేదు" అన్నాడు.

దానిని నిర్లక్ష్యమనుకున్నాను. ఆరు నెలలకు మోకాలి కింద కాలు తీయవలసి వచ్చింది. తన జబ్బు లక్షణాన్ని అతనంత స్పష్టంగా చెప్పిన రోగి మరొకరు లేరని చాలా ఏళ్లకు గాని నాకు తట్టలేదు.

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడును చేరి, అక్కడి గ్రాహకాల ద్వారా డోపమిన్‌ను విడుదల చేయిస్తుంది. నిత్యం కాల్చేవారిలో ఆ గ్రాహకాల సంఖ్యే పెరుగుతుంది. రక్తంలోని నికోటిన్ సుమారు 2 గంటలకు సగమవుతుంది కనుక, తెల్లవారేసరికి అవన్నీ ఆకలి మీద ఉంటాయి. కళ్లు తెరవగానే అగ్గిపెట్టె కోసం తడుముకునేది అందుకే. చుట్ట కాల్చనిదే విరేచనం కాదనే పెద్దల మాట కూడా వట్టి సాకు కాదు. నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది. మానిన కొత్తలో మలబద్ధకం రావచ్చు. నీళ్లు, ఆకుకూరలు ఎక్కువగా తీసుకుంటే కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

మానిన మొదటి మూడు రోజులు అతి కష్టం. చిరాకు, నిద్రలేమి, ఆకలి, దేనిపైనా మనసు నిలవకపోవడం మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. ఆ రోజుల్లో ఇంట్లోవారు "ఇంతకంటే కాల్చినప్పుడే నయం" అనకుండా ఉంటే అదే సగం వైద్యం.

మిగతా సగానికి మందులున్నాయి. నిద్ర లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించేవారికి 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్, ఇతరులకు 2 మిల్లీగ్రాములది. దీన్ని బబుల్‌గమ్‌లా నమలకూడదు. ఘాటు తగిలేవరకు మెల్లగా నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య ఉంచి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, టీ తాగిన పావుగంట వరకు వేసుకోకూడదు. గబగబా నమిలి, వెక్కిళ్లూ కడుపులో మంటా వచ్చి, పనిచేయదని పారేసినవారే ఎక్కువ. బర్జర్ వ్యాధి ఉన్నవారికి మాత్రం గమ్‌లోని నికోటిన్ కూడా మంచిది కాదు. నికోటిన్ లేని వరెనిక్లిన్, బుప్రోపియాన్ వంటివి వైద్యుని పర్యవేక్షణలో వాడాలి. సిగరెట్టు మాని ఖైనీ పట్టినవారు మానినట్టు కాదు.

"ఈ వయసులో మానితే ఏమొస్తుంది డాక్టరుగారూ?" అనే వారికి నా దగ్గర లెక్క ఉంది. రిచర్డ్ డాల్ బృందం బ్రిటిష్ వైద్యులను 1951 నుంచి యాభై ఏళ్లు గమనించింది. 60వ ఏట మానినవారికి సుమారు 3 ఏళ్లు, 50లో మానితే 6, 40లో మానితే 9 ఏళ్ల ఆయుర్దాయం కలిసివచ్చింది.

రక్తపోటు మాత్ర వేసుకోవడం మరిచిన రోగిని మనం ఆసుపత్రి నుంచి వెళ్లగొట్టం. మళ్లీ బీడీ అంటించినవాణ్ని మాత్రం దోషిలా చూస్తాం. అయిదారు ప్రయత్నాల తర్వాత మానినవారు ఎందరో ఉన్నారు. నికోటిన్ భర్తీ చికిత్స 2022లో మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరింది; బీపీ, షుగరు మాత్రలతో పాటు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ దాన్ని ఉచితంగా ఇవ్వాలన్నది నా కోరిక. అంతవరకు, సిగరెట్టు పెట్టె మీద భయపెట్టే బొమ్మతో పాటు ఒక నంబరు అచ్చయి ఉంటుంది: 1800-11-2356. ఫోను ఖర్చు లేదు. అక్కడ ఎవరూ కోప్పడరు.