ఇసుక ఊళ్లలో చైనుకు కాలిన ఆయిలా?

చీరాల, వేటపాలెం, బాపట్ల మండలాల తీరగ్రామాల్లో సైకిల్ చైను కిర్రుమంటే చాలు, కాలిన ఇంజనాయిలు పోయించే అలవాటు పలువురిలో ఉంది. మోటారుసైకిళ్ల షెడ్డులో ఊరికే దొరకడమే ఇందుకు కారణం. ఆ పూటకు చప్పుడు ఆగే మాట నిజమే. కానీ ఆ ఆయిల్లో అప్పటికే మసి, ఇనుపరజను ఉంటాయి. పైగా చైను మీద జిడ్డుగా నిలిచి, దారిన లేచే ఇసుకనంతా పట్టుకుంటుంది. నూనె, ఇసుక కలిసిన ఆ ముద్ద లింకుల లోపలి పిన్నులను ఆకురాయిలా అరగదీస్తుంది. పైన గ్రీజు పూసినా ఇదే తంతు. బడికి వెళ్లే పిల్లల బట్టలకయ్యే మరకలు వేరే లెక్క.

చైను ఒక్కటే పోతే సరే. సాగిన చైను ముందరి పళ్లచక్రాన్ని, వెనుక ఫ్రీవీలును కూడా తినేస్తుంది. చేపలబుట్ట, పాలక్యాను కట్టుకుని తిరిగేవారికి ఆ ఖర్చు ఇంటిఖర్చులోంచే పోవాలి. చైను సాగిందో లేదో అడుగు స్కేలుతో ఎవరైనా చూసుకోవచ్చు. పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం చొప్పున కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే మార్చక తప్పదు.

అలాగని నూనె మానేస్తే ఉప్పుగాలికి తుప్పు ఖాయం. కుట్టుమిషను నూనె చాలు. పల్చనిది కనుక లింకులోకి దిగుతుంది. ముందుగా చైనును కిరోసిన్‌తో గాని, అది దొరకనిచోట డీజిలుతో గాని కడిగి బాగా ఆరనివ్వాలి. లింకుకు ఒక్క చుక్క వేసి, పెడలు కాసేపు వెనక్కు తిప్పి, రాత్రంతా వదిలేయాలి. తెల్లారి పాతగుడ్డతో పైనంతా పొడిగా తుడవాలి. నూనె ఉండవలసింది లోపలే. అయితే ఇది త్వరగా పోతుంది, వారానికోసారి వేయాలి. వంటనూనె మాత్రం వద్దు, ఆరి బంక కడుతుంది.

ఓపిక ఉన్నవారికి ఎండాకాలంలో కొవ్వొత్తి మైనం ఇంకా మేలు. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి మైనం కరిగించి, కడిగి ఆరబెట్టిన చైనును కాసేపు ముంచి తీయాలి. నేరుగా పొయ్యి మీద కరిగిస్తే అంటుకునే ప్రమాదముంది. గట్టిపడిన మైనానికి ఇసుక అంతగా అంటదు. తుప్పును బాగా ఆపలేదు కనుక వానలు మొదలవగానే నూనెకే మారాలి.

ఇక చైను కవరు. రేకు గలగలలాడుతోందని ఊడదీసి అటకెక్కించేవారున్నారు. ఇసుక దారిలో అంత తెలివితక్కువ పని మరొకటి లేదు. స్క్రూలు బిగిస్తే పోయే చప్పుడది. సైకిలు షాపులవారైనా అడిగిన వెంటనే రేకు విప్పి ఇవ్వకుండా, బిగించి పంపాలి.