గేరు పడనంటే...

మా చెల్లెలివాళ్ళ చిన్న కారుకు ఆ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. ఇంజను ఆపి ఉన్నంతసేపూ గేర్లన్నీ చక్కగా పడతాయి. ఇంజను నడుస్తుంటే మాత్రం మొదటి గేరు మొరాయిస్తుంది. రివర్సు వేయబోతే కర్రుమని వీధివాళ్ళందరూ తిరిగి చూసేట్టు అరుస్తుంది. వారం రోజుల్లో చంటివాడి పుట్టువెంట్రుకలకు తిరుపతి ప్రయాణం. షెడ్డుకు తీసుకువెళితే మెకానిక్కు ఒక చుట్టు తిప్పి వచ్చి, "గేర్ బాక్సు పోయిందండీ, దింపాల్సిందే" అన్నాడు. ఖర్చెంతో విని మా చెల్లెలు తన గాజులవంక చూసుకుంది.

తీరా చూస్తే జబ్బు గేర్ బాక్సులో లేదు. ఉగాదికి ముచ్చటపడి వేయించిన మందపాటి మ్యాటులో ఉంది! క్లచ్ పెడలు అడుగుదాకా దిగకుండా ఆ మ్యాటుకు తగిలి ఆగిపోతోంది. మ్యాటు తీసేశారు, గేరు పడింది.

అందరి కథా ఇంత సులువుగా తేలుతుందని చెప్పను. కాని గేరు పడకపోవడం వేరు, గేర్ బాక్సు పాడవడం వేరు. క్లచ్ తొక్కితే ఇంజనుకూ గేర్ బాక్సుకూ సంబంధం తెగాలి. పూర్తిగా తెగకపోతే తిరుగుతున్న పళ్ళచక్రాలను బలవంతాన కలపబోయినట్లవుతుంది. అందుకే ఇంజను ఆపితే పడే గేరు, నడుస్తుంటే పడకపోతే ముందు క్లచ్‌నే అనుమానించండి. తీగతో పనిచేసే క్లచ్ అయితే తీగ వదులై ఉండవచ్చు, బిగిస్తే సరిపోతుంది. ద్రవంతో పనిచేసేదైతే ఎక్కడైనా కారుతోందేమో, గాలి చేరిందేమో చూడాలి. ఈ రెంటికీ గేర్ బాక్సు దింపనక్కరలేదు.

దీనికి ఎదురు జబ్బు, క్లచ్ జారడం. యాక్సిలరేటరు తొక్కితే ఇంజను హోరు పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. ఎదుట ఎవరూ లేని చదునైన చోట హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూనే ఉంటే క్లచ్ ప్లేటు అరిగిందన్నమాట. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. సరదాకొద్దీ పదిసార్లు చేస్తే ఉన్న ప్లేటు కూడా పోతుంది సుమండీ!

చప్పుడుకూ ఒక భాష ఉంది. బండి న్యూట్రల్‌లో ఉండగా గరగర వినిపించి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే సాధారణంగా గేర్ బాక్సు లోపలి బేరింగు అరిగినట్టు. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగు. మిగతావన్నీ బాగుండి, రెండో గేరు ఒక్కటే కరకరలాడుతుంటే ఆ గేరు తాలూకు సింక్రో రింగు అరిగి ఉండవచ్చు. కలవబోయే చక్రాల వేగాలను ముందుగా సమం చేసే ఇత్తడి రింగు అది. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లతో ఈ సింక్రోమెష్ ఏర్పాటు వచ్చింది. మన పాత అంబాసిడర్లలో మొదటి గేరుకు అది ఉండేది కాదు. అందుకే ఆనాటి డ్రైవర్లు బండి పూర్తిగా ఆగితేగాని మొదటి గేరు జోలికి పోయేవారు కారు. ఇప్పటికీ చాలా చిన్న కార్లలో రివర్సుకు ఆ సౌకర్యం లేదు. బండి ఆపి, క్లచ్ తొక్కి, రెండు మూడు సెకండ్లు ఓపికపట్టి వేయండి.

ఇక గేర్ బాక్సును నిజంగా చంపేది నూనె లేమి. ఇంజను ఆయిలు మార్చడం అందరికీ గుర్తుంటుంది. గేర్ ఆయిలన్నది ఒకటి వేరే ఉందని చాలామందికి తెలియదు. ఇది ఇంజనులోలా కాలిపోయేది కాదు గనుక తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. రాత్రి బండి కింద పాత కాగితాలు పరచి పొద్దున చూడండి. (ఈ పత్రిక మాత్రం పరచకండి, ఇంట్లో సీరియల్ చదవనివారు ఉండవచ్చు.) ముందు చక్రాలకు పోయే ఇరుసుల దగ్గర జిడ్డుగా, గంధకం వాసనతో మరక కనిపిస్తే అక్కడి ఆయిల్ సీలు పోయినట్టు. చవకైన ఆ సీలును నిర్లక్ష్యం చేసినవారే తరువాత పళ్ళచక్రాలు కొంటారు.

ఏ నూనె పోయాలో, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అందులో జీఎల్-4 అని ఉంటే, జీఎల్-5 ఇంకా మంచిదని ఎవరు చెప్పినా వినకండి. జీఎల్-5 రకాలు కొన్నింటిలోని మందులు ఇత్తడి రింగులకు పడవు. నూనె మార్చేటప్పుడు మెకానిక్కు పక్కనే నిలబడి, నూనె పోసే ప్లగ్గును ముందు విప్పించండి. ఆ ప్లగ్గు ఊడకుండా మొరాయించిందనుకోండి, కింది ప్లగ్గు విప్పి ఉన్న నూనె ముందే వదిలేసినవారి గతేమిటి?

క్లచ్ లేదు గదా అని 2014 నుంచి మన దేశంలో వస్తున్న ఏఎంటీ కార్లవారు నిశ్చింతగా ఉండనక్కరలేదు. పెడలు మాత్రమే లేదు, లోపల క్లచ్ ప్లేటు ఉండనే ఉంది. ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటరుతోనే బండిని నిలబెడితే అదీ కాలుతుంది. మామూలు కారులో హాఫ్ క్లచ్ మీద ఆగడమూ ఇలాంటిదే.

క్లచ్ ప్లేటు మార్చక తప్పని రోజు వస్తే ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఆయిల్ సీలు కూడా అప్పుడే చూపించుకోండి. గేర్ బాక్సు దింపే కూలి ఎలాగూ ఇస్తున్నారు. పాత ప్లేటు అడిగి తీసుకుని తిప్పి చూడండి. అరిగి ఉంటే సరే. నూనెతో తడిసి ఉంటే మాత్రం ఆ నూనె ఎక్కడినుంచి వచ్చిందో తేల్చేదాకా కొత్తది బిగించనివ్వకండి.