బదిలీ ఇంట్లో చేపపిల్లల ట్రే

చేపపిల్లకు ఈత నేర్పాలా అని మనకొక సామెత ఉంది. నేర్పనక్కర్లేదు. కానీ పెద్ద చేపల నోటికి చిక్కకుండా దాన్ని కాపాడాలంటే మాత్రం ఎవరో ఒకరు పూనుకోవాలి. అక్వేరియంలో గప్పీ తల్లి పిల్లల్ని కంటుంది, దాక్కునే చోటు లేకపోతే కాసేపటికే వాటిలో కొన్నింటిని తినేస్తుంది కూడా. మోలీ, ప్లాటీ చేపలదీ ఇదే వరస. అందుకే పుట్టిన పిల్లల్ని కొన్నాళ్లు వేరుగా ఉంచే ట్రేలు వాడతారు. అలాంటి ట్రేని ఇంట్లోనే చేసుకోవాలనీ, బదిలీలు తప్పని మన ఇళ్ల పిల్లలు దాన్ని తప్పక చేయాలనీ చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మన ఇళ్లలో పెంపకం ఊసెత్తగానే పెద్దలు అనే మాట ఒకటుంది: "రేపో మాపో ట్రాన్స్‌ఫర్ వస్తుంది, ఇవన్నీ ఎవరు చూస్తారు?" ఆర్.కె. పురం క్వార్టర్లలోనైనా, నోయిడా ఫ్లాట్లలోనైనా ఇదే మాట. ఊరూరా తిరిగి ఢిల్లీ చేరిన తెలుగు మాస్టార్లం మేమూ ఆ మాటను తేలిగ్గా తీసుకోం. సామాను లారీకెక్కించే రోజున చేపల తొట్టె ఎంత బరువో మాకు తెలుసు. అయినా బదిలీ పేరు చెప్పి ప్రాణమున్న దేన్నీ ఇంట్లోకి రానివ్వకపోతే, పన్నెండో తరగతి దాటేసరికి ఆ బిడ్డకు ఒక్క ప్రాణినైనా ఓ నెలపాటు సాకిన అనుభవం ఉండదు. ఆ లోటును ఏ మార్కులూ పూడ్చలేవు.

చేపపిల్లలు మనలాంటి ఇళ్లకు సరిపోయే పని. గప్పీ గర్భం సుమారు 4 వారాలు. పుట్టిన పిల్ల 6, 7 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్ద చేపల నోట్లో పట్టనంత ఎదగడానికి మరో నెల, నెలన్నర. ఒక్క టర్ములో మొదలుపెట్టి అదే టర్ములో ముగించవచ్చు.

మరి ట్రే కొంటే పోదా? దుకాణంలో దొరికే చిన్న ప్లాస్టిక్ పెట్టెల్లో చాలావాటికి సన్నని గాట్లు తప్ప నీరు ఆడే దారి ఉండదు. పిల్లలు పెరుగుతాయి, పెట్టె పెరగదు. వేరే గిన్నెలో నీళ్లు పోసి పెంచుదామంటే మరో చిక్కు. చేపల విసర్జన నుంచి అమ్మోనియా పుడుతుంది. పాత తొట్టెలో స్థిరపడిన బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన అంతగా హాని లేని నైట్రేటుగా మారుస్తుంది. కొత్త గిన్నెలో ఆ బాక్టీరియా ఉండదు. అందుకే పాత తొట్టెలోనే తేలే ట్రే మేలు. నీరు అదే, వెచ్చదనం అదే, మధ్యన ఒక జల్లెడ గోడ మాత్రమే అడ్డు.

చేసే పద్ధతి చూడండి. మూతతో పనిలేని పెద్ద మిఠాయి డబ్బా ఒకటి తీసుకోండి. సబ్బు వాడకుండా వేడినీళ్లతో కడగండి. పొడుగు వైపు గోడలు రెండింటిలోనూ కిటికీల్లా పెద్ద చతురస్రాలు కోయాలి. ఆ కోత పెద్దవాళ్ల చేతి మీదుగానే జరగాలి. కిటికీలకు నైలాన్ దోమతెర ముక్కలు అడ్డంగా పెట్టి, అంచుల చుట్టూ దబ్బనంతో బెజ్జాలు పొడిచి నైలాన్ దారంతో దగ్గర దగ్గరగా కుట్టండి. జిగురుకన్నా కుట్టు నయం. జిగురే కావాలంటే అక్వేరియం కోసం అమ్మే సిలికానే వాడి, పూర్తిగా ఆరనివ్వాలి. బాత్‌రూమ్ సిలికాన్లలో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకు విషం. చివరగా మూత బిగించిన రెండు చిన్న ఖాళీ నీళ్ల సీసాలను డబ్బాకు అటూ ఇటూ కట్టండి. అంచు నీటిపైన 2, 3 సెంటీమీటర్లు ఎత్తుగా నిలుస్తుంది. లోపల గుప్పెడు జావా మాస్ వేస్తే పిల్లలకు చాటు దొరుకుతుంది. తొట్టెలోని గాలిబుడగల గొట్టాన్ని ఒక కిటికీకి దగ్గరగా జరిపితే ట్రేలో నీరు మెల్లగా మారుతూ ఉంటుంది.

మేతగా ఉడికిన గుడ్డు పచ్చసొనను పలుచని గుడ్డలో కట్టి నీటిలో కాస్త ఆడిస్తే చాలు. ఆవగింజంత ఎక్కువైనా నీరు కుళ్లుతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా. ఉప్పునీటిలో ఒకటి ఒకటిన్నర రోజుల్లో పొదిగే ఆర్టీమియా పిల్లలు ఇంకా మంచి మేత. అడుగున పడిన మడ్డిని సన్నని గొట్టంతో లాగేయాలి.

ఢిల్లీ నీటికీ, ఢిల్లీ వాతావరణానికీ కొన్ని జాగ్రత్తలు వేరే ఉన్నాయి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, దాన్ని విరిచే చుక్కలు వేయకుండా తొట్టెలో పోయకూడదు. గురుగ్రామ్, నోయిడాల వైపు వచ్చే కఠిన జలం గురించి బెంగ అక్కర్లేదు, గప్పీలు దానికి అలవాటు పడతాయి. ఉత్త ఆర్.ఓ. నీరే వాటికి పడదు, అందులో లవణాలు ఉండవు కాబట్టి. జనవరి చలిలో హీటరు లేకుండా పిల్లల్ని పెంచాలని చూడకండి. జూన్ ఎండల్లో నీరు వేడెక్కితే అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు కరెంటు పోయి పంపు ఆగిందంటే, గ్లాసుతో నీళ్లు తోడి పైనుంచి మళ్లీ తొట్టెలోనే పోస్తూ ఉండాలి. ఇంట్లో అందరూ వంతులు వేసుకుంటే కష్టం కాదు.

ఇది పిల్లలాట అని ఎవరైనా నవ్వితే గోదావరి జిల్లాల చెరువుగట్లు చూసి రమ్మనండి. అక్కడి రైతులు చేప సీడును ముందు నర్సరీ చెరువులో పెంచి, ఆ తర్వాతే పెద్ద చెరువులోకి వదులుతారు. చెరువులో వల సంచిలా కట్టే హాపా మన ట్రేకి పెద్దన్న. ఒకప్పుడు ఈ సీడు కోసం నదుల మీదే ఆధారపడేవారు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త హార్మోన్ ఇచ్చి కార్పు చేపలతో గుడ్లు పెట్టించిన తర్వాత ఆ కథ మారింది. ఆ జులై 10నే నేడు జాతీయ మత్స్య రైతు దినంగా జరుపుకుంటున్నాం. హైదరాబాదులో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనాన్ని చేప ఆకారంలోనే కట్టారు. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు చూసి రండి.

ఇక మీకు నచ్చకపోయినా చెప్పాల్సిన మాట. పుట్టిన ప్రతి పిల్లనూ బతికించాలని పంతం పట్టకండి. ఒక్కో కాన్పులో 20 నుంచి 40 పిల్లల దాకా పుడతాయి. గప్పీ ఆడచేప ఒక్కసారి మగచేపతో కలిస్తే ఆ తర్వాత కొన్ని కాన్పులు మగచేప లేకుండానే కంటుంది. ఏడాది తిరిగేసరికి ఇల్లంతా చేపలే. మీ తొట్టె పదింటిని సాకగలిగితే పదింటినే ట్రేలోకి తీయండి. మిగిలినవి మాస్ చాటున తమ అదృష్టం తాము చూసుకుంటాయి. నెల తిరిగి మగా ఆడా తెలియగానే వేరు చేయండి. సాకలేనన్ని ప్రాణాల్ని పోగుచేసుకోవడం దయ అనిపించుకోదు.

ఎక్కువైన వాటిని యమునలో వదిలేద్దామనీ, ఓఖ్లా వైపు నీటిలో పోసేద్దామనీ కొందరు అంటారు. వద్దే వద్దు. దోమల లార్వాలను తింటుందని గప్పీని మన దేశానికి 1908లో తెచ్చారు, అదే పనికి 1928లో గాంబూసియాను తెచ్చారు. దోమే మలేరియాను మోస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు కనుక, ఆ ప్రయత్నం వెనుక ఉన్న ఆశ మనకు అర్థమవుతుంది. కానీ ఇవి దోమ పిల్లలతో ఆగవు, స్థానిక చేపల పిల్లల్నీ తింటాయి. అక్వేరియం గోడలు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప ఇప్పుడు ఆంధ్రా చెరువుల్లో, కాలువల్లో చేరి వలలు చింపుతుంటే మన జాలర్లు దానికి దెయ్యం చేప అని పేరు పెట్టారు. ఎవరి ఇంటి తొట్టెలోంచో బయలుదేరిన చేపే అది.

మరి బదిలీ వస్తే? ఆఫీసులో అమ్మానాన్నలు చార్జ్ ఎలా అప్పగిస్తారో గమనించండి. ఏ ఫైలు ఎక్కడుందో, ఏ పని ఎంతదాకా వచ్చిందో రాసి, సంతకం పెట్టి మరీ వెళతారు. చేపలకూ అలాగే చేయాలి. ఎన్ని చేపలు, వాటిలో ఆడవెన్ని, మేత ఏది, నీరు చివరిసారి ఎప్పుడు మార్చారు, నీటి వేడి ఎంత, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. ముందు రోజు మేత ఆపి, సంచిలో మూడో వంతు నీరు, మిగతా గాలి ఉంచి మూతి కట్టండి. తీసుకునే స్నేహితుడు ఆ సంచిని తన తొట్టెలో 15, 20 నిమిషాలు తేలనిచ్చి, కొత్త నీటిని కొద్దికొద్దిగా కలిపి, ఆ తర్వాతే చేపల్ని వదలాలి. కొత్త బడిలో మొదటివారం చివరి బెంచీలో కూర్చున్న పిల్లలకు ఈ నియమం ఎందుకో వివరించనక్కర్లేదు.

అందుకని మా సూచన ఇది. ప్రతి తరగతిలోనూ నోటీసు బోర్డు మూలన ఒక కాగితం అంటించండి. చేపపిల్లల్ని ఇవ్వగలవారి పేర్లు ఒకవైపు, తీసుకోగలవారి పేర్లు మరోవైపు. మార్చిలోపే ఆ పట్టిక నిండితే, ఏప్రిల్‌లో బదిలీ ఉత్తర్వు ఎవరి ఇంటికి వచ్చినా ఒక్క చేపా కాలువ పాలు కాదు. తీసుకునేవారి పేరు దొరికాకే మొదటి డబ్బాకు కిటికీ కోయండి.