యాభై శాతం లాభం ఎవరి లెక్క?

2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. సాగు ఖర్చు రూ.1,579 కనుక రైతుకు ఖర్చుపై 50 శాతం మిగులుతుందని ప్రభుత్వం చెబుతోంది. ఇంత లాభం ఏ వ్యాపారికి వస్తుందని ఎద్దేవా చేసేవారూ ఉన్నారు. వాళ్లకు వ్యాపారుల లెక్కతోనే జవాబు చెప్పాలి.

పెట్టుబడిపై రాబడికి రెండు అంకెలు కావాలి. అమ్మకంలో లాభం ఎంత శాతం? పెట్టిన ఆస్తి మీద ఏడాదికి దానికి ఎన్ని రెట్ల అమ్మకం జరిగింది? ఈ రెండింటినీ గుణిస్తే రాబడి తేలుతుంది.

ఒక వ్యాపారి రూ.5 లక్షలు పెట్టాడనుకుందాం. అమ్మకంపై మిగిలేది 2 శాతమే. కానీ ఆ సొమ్మును ఏడాదిలో 20 సార్లు తిప్పుతాడు. రాబడి 40 శాతం, అంటే రూ.2 లక్షలు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. సొంత భూమి ఎకరం, విలువ రూ.20 లక్షలు, దిగుబడి 25 క్వింటాళ్లు అనుకుందాం. మొత్తం మద్దతు ధరకే అమ్ముడైతే వచ్చేది రూ.59,225. సర్కారు లెక్క ప్రకారమే ఖర్చు రూ.39,475. మిగిలేది రూ.19,750, అంటే అమ్మకంపై 33 శాతం. కానీ భూమి విలువతో పోలిస్తే అమ్మకం 3 శాతం కూడా లేదు. రెండూ గుణిస్తే రాబడి ఒక్క శాతం. రెండో పంట పండినా రెండు శాతమే. ట్రాక్టరు, బోరు, మోటారు ఇంకా లెక్కలోకే రాలేదు.

ప్రభుత్వం వాడేది ఏ2+ఎఫ్ఎల్ ఖర్చు. అందులో చేతి నుంచి పెట్టిన ఖర్చులు, ఇంటిల్లిపాది శ్రమ విలువ ఉంటాయి. సొంత భూమి కౌలు విలువ, సొంత పెట్టుబడిపై వడ్డీ ఉండవు. అవి కలిసేది సీ2 ఖర్చులో.

రియల్ ఎస్టేట్ పెంచిన భూమి ధరకు వడ్డీ ఎవరిస్తారని అడగవచ్చు. మనం అడుగుతున్నది అది కాదు. సీ2 లెక్కగట్టేది భూమి అమ్మకపు ధరను కాదు, కౌలు విలువనే.

మన చేతిలో ఉన్న పనీ ఒకటుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు షెడ్డులోనే ఉండే ట్రాక్టరును ఇంటికొకటి కొనే బదులు, నలుగురు కలిసి కొని వాడుకుంటే అదే పెట్టుబడికి పని పెరుగుతుంది. అయితే భూమిని వ్యాపారి సొమ్ములా ఏడాదికి 20 సార్లు తిప్పలేం. ఆ తేడాను ధరే పూడ్చాలి. అందుకే సీ2పై 50 శాతం కలిపిన మద్దతు ధర, దానికి చట్టబద్ధత మన డిమాండ్. ఈ లెక్కను ప్రతి గ్రామ సభలో బోర్డు మీద రాసి చూపిద్దాం.