క్లాస్ ఆట, మాస్ ఆట

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మొదటి నెల. ఆఫీసు వాళ్ళు “సాయంత్రం షటిల్‌కి వస్తావా బ్రో?” అని పిలిస్తే ఎగురుకుంటూ వెళ్ళాను. బ్యాట్ పట్టడం నాకేం కొత్త? చిప్పగిరి హైస్కూల్ గ్రౌండ్‌లో నాలుగేళ్ళు పట్టినవాణ్ణే కదా!

మొదటి దెబ్బకే కాక్ ఈకలు రాలాయి. రెండో దెబ్బకు అది గోడకు తగిలింది. “భుజంతో బాదుతావేంటి, మణికట్టు వాడు” అన్నాడొకడు. “ఏ ఊరు బ్రో మీది?” అన్నాడింకొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను ఆడింది బాల్ బ్యాడ్మింటన్ అని మాత్రం చెప్పలేదు. అంత చిన్న మాట గొంతులో ఎందుకు ఆగిపోయిందో చాలా రోజులు అర్థం కాలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. బాల్ బ్యాడ్మింటన్‌లో ఈకల కాక్ ఉండదు. పసుపు రంగు ఉన్ని బంతి ఉంటుంది. బరువు 27 నుంచి 30 గ్రాములు. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. షటిల్ కాక్‌కి 16 ఈకలు. బరువు ఐదు గ్రాములు అటూ ఇటూ.

తేడా అంతా ఆ గ్రాముల్లోనే ఉంది. ఆషాఢం గాలికి మా దిక్కు భుజం మీద టవలే నిలవదు, ఇంక షటిల్ యాడ నిలుస్తుంది? దానికి నాలుగు గోడలు, పైన కప్పు కావాలి. కప్పుంటే గంటకింత అని అద్దె. ఆ నేలకు వేరే బూట్లు. గట్టిగా ఆడితే ఒక్క మ్యాచ్‌కే రెండు మూడు కాక్‌లు పోతాయి. ఉన్ని బంతికి అవేం అక్కర్లేదు. రెండు గుంజలు పాతి, సున్నంతో గీతలు గీస్తే ఒక్క బంతితో పదిమంది ఆడుకోవచ్చు. షటిల్ క్లాసు, బాల్ బ్యాడ్మింటన్ మాసు అని ఎవరూ చట్టం చేయలేదు. గాలిని ఆపే గోడ ఎవరికుందో వాళ్ళది షటిల్ అయింది, అంతే.

ఇలాంటి గీతే అమెరికాలో మంచు మీద కూడా ఉంది. స్కీయింగ్ అంటే రెండు కాళ్ళకు రెండు పలకలు, చేతుల్లో రెండు కర్రలు. స్నోబోర్డింగ్ అంటే రెండు కాళ్ళూ ఒకే పలక మీద, చేతులు ఖాళీ. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పోపెన్ అనే ఆయన పిల్లల కోసం రెండు స్కీలను కలిపి కట్టిన బొమ్మలాంటి పలక దగ్గర ఆ కథ మొదలైంది. వదులు ప్యాంట్ల కుర్రాళ్ళు దాన్నెక్కి జారడం మొదలుపెడితే చాలా రిసార్టులు రానివ్వలేదు. 1998 నగానో ఒలింపిక్స్‌లోకి స్నోబోర్డింగ్ వచ్చాక కూడా ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ తలుపులు తీయలేదు. తమాషా ఏమిటంటే, రెండూ డబ్బున్న ఆటలే. మంచుకొండ టికెట్టు కొనలేనివాడు ఆ గొడవలోనే ఉండడు. అక్కడ గీత ‘వీడు మనవాడేనా’ అన్న చోట పడింది. మన దగ్గర అంతకన్నా ముందే, కప్పు దగ్గరే పడింది.

ఇంకో తమాషా. 19వ శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ దొరలు గాలి, తడి ఉన్న రోజుల్లో ఉన్ని బంతితోనే ఆడేవారట. తంజావూరు రాజకుటుంబానికీ అది ఇష్టమైన ఆట అంటారు. అంటే ఇప్పటి మాస్ ఆట అప్పటి క్లాస్ ఆట! మన తెలుగాయన, వరంగల్‌లో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్య, ఈ ఆటకే 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. ఆ పేరు మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది? షటిల్ 1992లో ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఉన్ని బంతి ఊళ్ళోనే ఉండిపోయింది.

మొన్న సంక్రాంతికి ఊరికెళ్తే పక్కింటి పిల్ల అడిగింది. తొమ్మిదో తరగతి. “అన్నా, పీఈటీ సారు నన్ను బాల్ బ్యాడ్మింటన్ టీమ్‌లో ఏసినాడు. నాకేమో సింధక్క మాదిరి షటిల్ ఆడాలనుంది. ఏది నేర్చుకునేది?”

‘నీకిష్టమైంది ఆడు’ అని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. ఇద్దరం ఫోన్‌లో లెక్కేశాం. గుంతకల్లుకు బస్సు చార్జీలు, కోర్టు అద్దె, బూట్లు, బ్యాట్, కాక్‌లు. వాళ్ళ నాన్న పత్తి చేలకు కూలికి పోతాడు. నెల మొత్తం వచ్చాక ఆ పిల్ల ఏమీ అనలేదు. ఫోన్ నా చేతికిచ్చేసింది. అప్పుడర్థమైంది, నా గొంతులో ఆగిన మాట ఏమిటో. నేను సిగ్గుపడింది ఆటకు కాదు, ఆ లెక్కకు.

“ఇప్పుడు ఉన్ని బంతి ఆడు. కన్ను, కాలు, చెయ్యి కుదురుతాయి. షటిల్ దారి యాడన్నా దొరికితే నేనూ చూస్తా” అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం నా దగ్గర లేదు. మండలానికొక కప్పున్న కోర్టు కట్టేవాళ్ళ దగ్గరుంది.

బెంగళూరు తిరిగొచ్చాక కోర్టులో మళ్ళీ భుజంతోనే బాదాను. “ఎక్కడ నేర్చుకున్నావ్ బ్రో?” అన్నారు.

“చిప్పగిరిలో. బాల్ బ్యాడ్మింటన్” అన్నాను.

“అదేం ఆట?” అన్నారు. ఆ సాయంత్రం నేను చాలాసేపు మాట్లాడాను.