టైర్ల ధర తగ్గింది.. మరి పికప్‌కి ఏ టైర్ వేయాలి? సైజు పక్కనున్న ఆ నంబర్ చూశారా?

ఆత్మకూరు, నంద్యాల జిల్లా: ఉల్లి కర్నూలు మార్కెట్‌కి వెళ్లాలన్నా, మిర్చి నల్లమల దాటి గుంటూరు యార్డుకి చేరాలన్నా, పెళ్లి సామాను పక్క ఊరికి పోవాలన్నా ఇక్కడ ముందు పిలిచేది పికప్ బండినే. సొంతంగా ఒక్క బండి పెట్టుకుని, దాని మీదే ఇల్లు నడుపుకునే ఓనర్ కమ్ డ్రైవర్లు చాలామంది. టైర్లు అరిగిపోయాయంటే వాళ్లకి అది నెల బడ్జెట్‌ని తలకిందులు చేసే ఖర్చు. అందుకే షాపులో మొదటి మాట 'ఎంత?' అనే వస్తుంది. కానీ అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది.

జీఎస్టీ తగ్గింది.. ఎంత మిగులుతుంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ట్రాక్టర్ టైర్లయితే ఏకంగా 5 శాతానికి వచ్చాయి. పికప్ టైర్లు 18 శాతం కిందకే వస్తాయి.

లెక్క చూద్దాం. పన్ను లేకుండా ఒక టైర్ ధర 6,000 రూపాయలు అనుకుందాం. పాత పన్నుతో అది 7,680 అయ్యేది. ఇప్పుడు 7,080. అంటే టైర్‌కి 600, నాలుగు టైర్లకి 2,400 రూపాయల తేడా. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునే ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి ఈ తేడా పెద్దగా తెలియకపోవచ్చు. రిజిస్ట్రేషన్ లేని ఒంటి బండి ఓనర్‌కి మాత్రం నేరుగా జేబులో మిగిలే డబ్బు. మరి ఈ మిగులుని ఏం చేయాలి? ఇంకాస్త చౌక టైర్ వైపు వెళ్లాలా, లేక అదే డబ్బుతో ఒక మెట్టు పైనున్న టైర్ కొనాలా? అసలు విషయం ఇక్కడే ఉంది.

ఒకే సైజు.. రెండు టైర్లు.. 300 కేజీల తేడా

టైర్ పక్క గోడ మీద సైజు తర్వాత ఒక నంబర్ ఉంటుంది. దాన్ని లోడ్ ఇండెక్స్ అంటారు. ఆ టైర్ ఎంత బరువు మోయగలదో చెప్పే కోడ్ అది. 100 అని ఉంటే 800 కేజీలు. 106 అయితే 950 కేజీలు. 112 అయితే 1,120 కేజీలు. 106/104 లాగా రెండు నంబర్లు ఉంటే మొదటిది సింగిల్ చక్రానికి, రెండోది జంట చక్రాలకి. వెనక ఒక్కో పక్క ఒక్కో టైరే ఉండే పికప్‌కి మొదటి నంబరే లెక్క.

ఇప్పుడు చిక్కు ఏంటంటే.. ఒకే సైజులో కారు, జీపు తరహా బండ్ల కోసం చేసిన టైర్ ఉంటుంది. లోడ్ బండ్ల కోసం చేసిన ఎల్‌టీ టైర్ కూడా ఉంటుంది. రిమ్‌కి రెండూ పడతాయి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని మీద 100, ఇంకోదాని మీద 106 ఉందనుకుందాం. వెనక రెండు టైర్లూ కలిపి మొదటి రకం 1,600 కేజీలు మోస్తే, రెండో రకం 1,900 కేజీలు మోస్తుంది. తేడా 300 కేజీలు. అంటే 50 కేజీల ఉల్లి బస్తాలు ఆరు! బండి బరువు, సరుకు బరువు కలిపి వెనక ఇరుసు మీద 1,800 పడితే మొదటి రకం టైర్లు బయల్దేరేటప్పుడే ఓవర్‌లోడ్ అయినట్టు.

అందుకే షాపులో మొదటి ప్రశ్న 'ఈ టైర్ లోడ్ ఇండెక్స్ ఎంత?' అయి ఉండాలి. బండి మాన్యువల్‌లో కంపెనీ చెప్పిన నంబర్ కన్నా అది ఒక్కటి కూడా తగ్గకూడదు. ధర ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.

కమాన్లు పెంచితే సరిపోతుందా?

మన దగ్గర చాలామంది చేసే పని ఒకటుంది. బండి వెనక కుంగుతోందని కమాన్ కట్టలకి అదనంగా పట్టీలు వేయిస్తారు. దాంతో బండి కుంగదు. చూడ్డానికి దర్జాగా నిలబడుతుంది. కానీ టైర్ మోసే బరువు ఒక్క కేజీ కూడా పెరగదు. పైగా బండి కుంగడం లేదు కదా అని ఇంకో పది బస్తాలు ఎక్కిస్తారు. ఆ బరువంతా పడేది టైర్ మీదే.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయల జరిమానా. ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకి మరో 2,000. నాలుగు టైర్ల మీద మిగిలిన జీఎస్టీ డబ్బు ఒక్క చలానాకి కూడా చాలదు.

సీమ ఎండలో గాలి దించొచ్చా?

ఏప్రిల్, మే వస్తే ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. తారు రోడ్డు అంతకన్నా ఎక్కువ కాలుతుంది. 'ఎండకి టైర్ పేలుతుంది, కాస్త గాలి దించు' అనే సలహా ఊరూరా వినిపిస్తుంది. ఇది తప్పు. నిజానికి టైర్‌ని ఎక్కువగా వేడెక్కించేది తక్కువ గాలి, ఎక్కువ బరువు. గాలి తగ్గితే పక్క గోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ రాపిడికి లోపల వేడి పుడుతుంది. పొరలు విడిపోతాయి. ఏదో ఒక మలుపులో టైర్ పేలిపోతుంది.

పొద్దున్నే బండి కదలకముందు, టైర్ చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవాలి. లోడ్ వేసినప్పుడు ఎంత ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. పరుగు మీద వేడెక్కిన టైర్‌లో ప్రెషర్ కొంచెం ఎక్కువ చూపించడం సహజం. అప్పుడు గాలి తీయకూడదు.

మీ బండి ఏ దారిలో తిరుగుతుంది?

కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా దోర్నాల వెళ్లే 340సీ జాతీయ రహదారి అడవిలో ఘాట్ రోడ్డుగా మారుతుంది. రాత్రి పూట అడవి గేటు వేసేస్తారు కాబట్టి, ఆలోపు దాటేయాలన్న తొందర డ్రైవర్లకి ఉంటుంది. వానాకాలంలో మలుపులు, తడి రోడ్డు, వెనక నిండా లోడు. ఇలాంటి దారిలో ఎక్కువ తిరిగే బండికి రేడియల్ టైర్ మేలు. నైలాన్ టైర్ కన్నా తక్కువ వేడెక్కుతుంది, డీజిల్ కూడా కొంత కలిసొస్తుంది.

రోజూ నల్లరేగడి పొలాల్లోకి, కంకర దారుల్లోకి దిగే బండి అయితే వెనక లోతైన, పెద్ద బటన్లున్న టైర్ పట్టు ఇస్తుంది. నైలాన్ చౌక, రాళ్ల దెబ్బకి గట్టిగా నిలుస్తుందన్న మాట వాస్తవమే. ఏది వేసినా ఒకే ఇరుసుకి ఒక పక్క రేడియల్, ఇంకో పక్క నైలాన్ మాత్రం వేయకూడదు. బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక పక్కకి లాగేస్తుంది.

తడి రోడ్డు మీద పట్టు ఎంత ఉండాలో 2022 జూన్‌లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ కొత్త టైర్లకి పరిమితులు ఖరారు చేసింది. ఇందులో పికప్ లాంటి బండ్ల టైర్లు సీ2 తరగతిలోకి వస్తాయి. అంతకుముందు తయారైన పాత సరుకుకి ఆ భరోసా లేదు.

సెకండ్ హ్యాండ్ టైర్.. నిజంగా లాభమా?

బటన్ బాగుందని సెకండ్ హ్యాండ్ టైర్ కొనేవాళ్లు ముందు దాని వయసు చూడాలి. పక్క గోడ మీద 'డాట్' అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. వాడకపోయినా రబ్బరు ముదురుతుంది, పగుళ్లిస్తుంది. పదేళ్లు దాటిన టైర్‌ని బటన్ మిగిలున్నా తీసేయమని పెద్ద కంపెనీలే చెబుతున్నాయి. స్టెప్నీకి కూడా ఇదే లెక్క.

బటన్ లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైర్ పని అయిపోయినట్టే. గాళ్ల మధ్యలో చిన్న అడ్డు గట్లు ఉంటాయి. బటన్ అరిగి వాటితో సమానమైతే ఇక మార్చాల్సిందే. ఇక రబ్బరు ఎక్కించిన రీట్రేడ్ టైర్ వేయక తప్పదనుకుంటే మంచి టైర్‌కి, నమ్మకమైన చోటే చేయించాలి. స్టీరింగ్ ఉండే ముందు చక్రాలకి మాత్రం అది వద్దు.

వెనక కూర్చున్నవాళ్ల సంగతేంటి?

పత్తి తీతకో, మిర్చి కోతకో కూలీలని పికప్ వెనక ఎక్కించుకుని వెళ్లడం సీమ పల్లెల్లో రోజూ కనిపించేదే. సరుకు బండిలో అలా మనుషుల్ని తీసుకెళ్లడం చట్టానికి విరుద్ధం. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకోటి ఉంది. సరుకు యజమాని, ఆయన తరఫు మనిషి కాకుండా ఊరికే ఎక్కించుకున్నవాళ్లకి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత వహించక్కర్లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే టైర్ పేలి బండి బోల్తా పడితే, పోయిన ప్రాణాలకి పరిహారం భారం బండి ఓనర్ నెత్తిన పడుతుంది. కూలీ కుటుంబానికి అది ఎప్పటికి అందుతుందో చెప్పలేం. రెండిళ్లూ రోడ్డున పడతాయి.

షాపుకి వెళ్లేముందు..

మాన్యువల్‌లో సైజు, లోడ్ ఇండెక్స్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. షాపులో ఆ రెండూ కలిశాకే ధర అడగండి. తయారీ వారం చూడండి. బిల్లులో జీఎస్టీ 18 శాతమే వేశారో లేదో సరిచూసుకోండి. టైర్ సీరియల్ నంబర్ బిల్లు మీద రాయించుకుంటే వారంటీ అడిగేటప్పుడు పనికొస్తుంది. నాలుగూ ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే ఒకే ఇరుసుకి జతగా మార్చండి.

పన్ను తగ్గడం వల్ల టైర్‌కి ఆరేడు వందలు మిగులుతున్నాయి. 100 నంబర్ టైర్ దగ్గర ఆగిపోకుండా 106 కొనడానికి చాలాసార్లు అడ్డుపడేది ఆ కాస్త తేడానే. ఈసారి ఆ డబ్బు అక్కడే పెట్టండి.