బొమ్మల చదువుకి డిగ్రీ అవసరమా? చెన్నైలో లెక్క ఇదీ

ప్లస్ టూ ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లలో ఏటా ఒకే చర్చ. ఇంజినీరింగ్, బీకాం, సీఏ అన్నంతవరకు గొడవ లేదు. పిల్లో పిల్లాడో "బొమ్మలు నేర్చుకుంటాను", "యానిమేషన్ చదువుతాను", "విస్కామ్‌లో చేరతాను" అంటేనే ఇల్లు రెండు పక్షాలవుతుంది. బొమ్మలు వేయడానికి డిగ్రీ దేనికని తాతగారు అడుగుతారు. డిగ్రీ లేకపోతే రేపు ఉద్యోగానికి ఏం చూపిస్తావని అమ్మ అడుగుతుంది. రెండూ తీసిపారేయవలసిన ప్రశ్నలు కావు.

తాతగారి పక్షాన ఉదాహరణలకు కొదవ లేదు. బాపు చదివింది న్యాయశాస్త్రం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అనంతపురంలో ఇంజినీరింగ్ చేరి మధ్యలో వదిలేశారు. వెంపటి చినసత్యం గురువుల దగ్గర నేర్చుకున్న విద్యతోనే 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. పద్మభూషణ్ దాకా వెళ్లారు. వీళ్లెవరికీ తమ కళలో కాలేజీ డిగ్రీ అండ కాలేదు.

అయితే వీళ్లకు బడి లేదనుకుంటే పొరపాటు. బాపుకి పత్రికాఫీసులు బడి. బాలుకి కోదండపాణి వంటి సంగీత దర్శకుల రికార్డింగ్ థియేటర్లు బడి. చినసత్యానికి కూచిపూడి గ్రామమే బడి. కోడంబాకం, వడపళని స్టూడియోలు కళకళలాడిన రోజుల్లో తెలుగు కుర్రాడు ఎవరో తెలిసినవాళ్ల పేరు చెప్పుకుని అసిస్టెంటుగా చేరి, పదేళ్లకు పనిమంతుడయ్యేవాడు. ఆ తలుపు ఇప్పుడు అంత తేలిగ్గా తెరుచుకోదు. తెలుగు సినిమా దశలవారీగా హైదరాబాదుకు తరలిపోయింది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లోనే అక్కడ మొదలైంది. ఇక్కడి తెలుగు పత్రికల్లో బొమ్మలేసే కొలువులు కూడా దాదాపు కనుమరుగయ్యాయి. తాతగారు చెప్పే దారి ఒకప్పుడు నిజమే. ఆ దారిలో చేయి పట్టుకుని నడిపించేవాళ్లు ఇప్పుడు ఈ ఊళ్లో తగ్గిపోయారు. ఆ లోటును ఎంతో కొంత పూడ్చేది కాలేజీయే.

ఈ ఊళ్లో ఆ పని చేసిన కాలేజీ మన కళ్లెదుటే ఉంది. పూనమల్లి హైరోడ్డు మీద ఉన్న ప్రభుత్వ లలితకళల కాలేజీని 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు ప్రారంభించాడు. పేరున్న చిత్రకారులను తయారు చేయడం కంటే, చేతిపనివాళ్లకు చదువు, గిరాకీ ఉన్న విద్య నేర్పడం మొదట్లో దాని ఉద్దేశం. మెరీనాలో శ్రమ విజయ శిల్పం చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి దానికి తొలి భారతీయ ప్రిన్సిపాల్. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చిన ఎస్వీ రామారావు ఇక్కడే చదివి, స్కాలర్‌షిప్ మీద లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్లారు. తర్వాత అమెరికాలో స్థిరపడ్డారు. ఇక్కడి పట్టా చేతిలో లేకపోతే ఆ ప్రయాణం అంత సులువు కాదు.

ఆ కాలేజీ కథలో మరో పాఠం ఉంది. అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న కేసీఎస్ పణికర్, ఆయన విద్యార్థులు కలిసి 1966లో ఇంజంబాకం దగ్గర చోళమండలం కళాకారుల గ్రామం కట్టుకున్నారు. పట్టా ఉన్నా బొమ్మలు కొనేవాళ్లు లేరని వాళ్లకు అప్పటికే అర్థమైంది. అందుకే బాతిక్ గుడ్డలు, చేతిపని వస్తువులు అమ్మి ఆ డబ్బుతో స్థలం కొన్నారు. డిగ్రీ వాళ్లకు అన్నం పెట్టలేదు. అన్నం సంపాదించుకునే తోడును ఇచ్చింది. కాలేజీ విలువ కొలిచేటప్పుడు చాలామంది మరిచిపోయే సంగతి ఇదే.

ఇక ఈనాటి సంగతి. చిత్రకళ, శిల్పం, యానిమేషన్ చదువులకు డిగ్రీ ఖచ్చితంగా తెరిచే తలుపులు కొన్ని ఉన్నాయి. కాలేజీలో బోధించాలంటే పీజీ, నెట్ కావాలి. విదేశంలో మాస్టర్స్ చేయాలంటే ఇక్కడి బ్యాచిలర్ డిగ్రీ కావాలి. తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకప్పుడు డిప్లొమాగా ఉన్న కోర్సులు నాలుగేళ్ల డిగ్రీగా మారడానికి అర్థం ఇందులోనే ఉంది. మరోవైపు ప్రకటనల కంపెనీ, గేమింగ్ స్టూడియో, గ్రాఫిక్స్ సంస్థ ముందు అడిగేది పోర్ట్‌ఫోలియో. పట్టా రెండోమాట.

ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం ఉందిగా అనుకునేవాళ్లు ఒక నిజం చూడాలి. 2012లో తమిళనాడు ప్రభుత్వం చిత్రలేఖనం, సంగీతం, వ్యాయామం, చేతిపనుల వంటి వాటికి పదహారు వేలకు పైగా పార్ట్‌టైమ్ టీచర్లను నెలకు 5,000 రూపాయల మీద తీసుకుంది. ఆ తర్వాత జీతం విడతలుగా పెరిగింది కాని, పర్మనెంట్ చేయాలన్న ఆందోళన ఏళ్ల తరబడి సాగింది. మన ఇళ్లకు మరో మెలిక కూడా ఉంది. 2021 డిసెంబరు ఉత్తర్వు తర్వాత రాష్ట్ర ప్రభుత్వ నియామక పరీక్షల్లో తమిళ అర్హత పేపరు తప్పనిసరి, అందులో 40 శాతం మార్కులు రావాలి. సీబీఎస్ఈలో హిందీయో ఫ్రెంచో తీసుకుని, తమిళం మాట్లాడటం తప్ప రాయడం రాని మన పిల్లలు డిగ్రీ ఉన్నా అక్కడ ఆగిపోతారు.

దీనికి తోడు ఏఐ వచ్చింది. 2025 మార్చిలో జిబ్లీ తరహా బొమ్మలు అందరి ఫోన్లలో నిండిపోవడం చూశాం. చిన్న పోస్టరు, పుస్తకం అట్ట, పెళ్లి శుభలేఖ డిజైను వంటి పనులతోనే కొత్తవాళ్లు సంపాదన మొదలుపెట్టేవారు. ముందుగా దెబ్బ తగిలేది ఆ మెట్టుకే. సాఫ్ట్‌వేర్ వాడకం మాత్రమే నేర్పే కోర్సు విలువ ఇంకా పడిపోతుంది. గీత, రంగు, మట్టి, లోహం మీద చేయి తిరిగినవాడికీ, కథ చెప్పగలిగినవాడికీ ఆ భయం కొంత తక్కువ. ప్రింటింగ్ ప్రెస్సు, బట్టీ, కంచు పోత వంటి సదుపాయాలు ఇంట్లో పెట్టుకోలేం. వాటి కోసమైనా కాలేజీ కావాలి.

అందుకని అన్ని డిగ్రీలనూ ఒకే గాటన కట్టకూడదు. తక్కువ ఫీజుతో ప్రభుత్వ కాలేజీలో సీటు వస్తే, పిల్లకు నిజంగా ఆసక్తి ఉంటే, చేర్చడమే మంచిది. నాలుగేళ్లు పోయినా ఇంటి మీద అప్పు ఉండదు. లక్షలు అడిగే ప్రైవేటు కోర్సుకు అప్పు చేయవలసి వస్తే మాత్రం ఆగి ఆలోచించాలి. బ్యాంకులు 7.5 లక్షల వరకు తనఖా లేకుండా విద్యారుణం ఇస్తాయి. అది సౌకర్యమే కాని, చదువుకునే రోజుల్లో కూడా వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. సాధారణంగా కోర్సు అయిన ఏడాదికి వాయిదాలు మొదలవుతాయి. ఈ రంగంలో మొదటి రెండు మూడేళ్ల రాబడి ఆ వాయిదాలకు చాలడం కష్టం.

చేరే ముందు కాలేజీలో మూడు సంగతులు అడగండి. ఈ డిగ్రీ ఏ యూనివర్సిటీది, ప్రభుత్వ ఉద్యోగాలకు బీఎఫ్ఏతో సమానమని ఉత్తర్వు ఉందా? మూడేళ్ల కిందట చదువు ముగించినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారు? వర్క్‌షాపులో విద్యార్థి సొంతంగా పని చేసుకునే గంటలు వారానికెన్ని? సూటిగా జవాబు రాకపోతే ఆ కాలేజీ బ్రోచరు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. జవాబు వస్తే పిల్ల మాట విని అప్లికేషన్ పెట్టండి, ఈలోగా తమిళం రాయడం కూడా మొదలుపెట్టించండి.